నాలుగు నిమిషాలకు ఆగిపోవుచున్న బండి విషయమై

నేరేడ్‌మెట్,
14 అక్టోబరు 2024.

చిరంజీవి అనుపమకు అన్న వేణుమాధవ్ ఆశీర్వదించి వ్రాయునది.

విషయం: మన తండ్రి కీర్తిశేషులు బిక్షం గారి మోటారు సైకిలు (1985 మోడలు) – నాలుగు నిమిషాలకు ఆగిపోవుట – సాంకేతిక సలహా మరియు సంతకం కోరుట – గురించి.
సూచిక: లేదు. మార్చి 18 తర్వాత మన మధ్య ఉత్తర ప్రత్యుత్తరములు జరగలేదు.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, ఇక్కడ అందరమూ క్షేమం. మీ వదిన మోకాలు మునుపటి వలెనే ఉన్నది. నా ఫోను నంబరును నీవు మార్చి 21వ తేదీ నుండి బ్లాకు చేసి ఉంచినందున, నేరేడ్‌మెట్‌కు ఏ.ఎస్. రావు నగర్‌కు మధ్య దూరం నాలుగు కిలోమీటర్లే అయినప్పటికీ ఈ లేఖను స్పీడు పోస్టులో పంపవలసి వచ్చినది. స్వయంగా పోయి చెప్పవచ్చును గదా అని మీ వదిన అన్నది. మే నెలలో ఒకసారి వచ్చితిని. మీ తలుపునకు గల కంటి రంధ్రంలో వెలుతురు మారినది గాని తలుపు తెరుచుకొనలేదు. దానిని ప్రత్యుత్తరంగానే స్వీకరించితిని.

బాపు బండి రిజిస్ట్రేషను గడువు డిసెంబరు 31తో ముగియును. అంతలోగా దానిని నడుస్తున్న స్థితిలో రవాణా కార్యాలయం వారి ఎదుట హాజరుపరచవలెను. లేనిచో అది రికార్డులో ఉండదు. రికార్డులో లేని బండి తుక్కు క్రిందికి వచ్చును. అదియునుగాక బండి ఇప్పటికీ బాపు పేరున ఉన్నది. నా పేరుకు మారుటకు రెండవ వారసురాలి నిరభ్యంతర పత్రం కావలెను. ఆ వారసురాలవు నీవు. పత్రం జతపరచితిని. సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టితిని.

బండి పరిస్థితి ఇది. కిక్కు కొట్టగా మూడు నాలుగు పర్యాయములకు స్టార్టగును. నాలుగు నిమిషముల వరకు సక్రమంగా మ్రోగును. పిదప గొంతు ఎండినవాని వలె రెండుసార్లు దగ్గి ఆగిపోవును. అరగంట విశ్రాంతి ఇచ్చినచో మరల నాలుగు నిమిషములు. ఈ విషయంలో నాకు అనుభవం లేదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు అయిన మన బాపు ఆదివారం కార్బురేటరు విప్పినపుడు స్పానరు నీకు, టార్చిలైటు నాకు ఇచ్చెడివాడు. ఆ విధంగా కార్బురేటరు వెలుపలి భాగం నాకు బాగుగా తెలియును. లోపలి భాగం గురించి సలహా ఇవ్వగలవని ఆశించుచున్నాను.

ఇట్లు,
మ. వేణుమాధవ్,
విశ్రాంత సూపరింటెండెంటు.


ఏ.ఎస్. రావు నగర్,
22 అక్టోబరు.

అన్నా,

నీ లేఖ అందింది. విషయం, సూచిక చూసి ఎవరో పోయినరనుకున్న. తర్వాత గుర్తొచ్చింది, పోయినరు.

నాలుగు నిమిషాలు నడిచి దగ్గి ఆగుతున్నదంటే ఇంజన్‌కు పెట్రోలు అందుతలేదు. ఏడు నెలలు నిలబెట్టినవ్ కాబట్టి కార్బురేటరు గిన్నెల జిగురు పట్టి ఉంటది. గిన్నె అంటే అడుగున ఉండే చిన్న తొట్టి. ట్యాంకు నుంచి పెట్రోలు ముందు అండ్లకే వస్తది, అండ్లకెల్లి ఇంజన్ పీల్చుకుంటది. ముందుగాల ట్యాంకు కింద నల్లా బంద్ చెయ్. పైపు గుంజు. గిన్నెకున్న స్క్రూలు విప్పు. వంటింట్ల ఇడ్లీ ప్లేటు తీసుకొని, విప్పిన వరుసలనే ఒక్కొక్క గుంటల ఒక్కొక్క సామాను పెట్టు. బాపు గట్లనే పెడుతుండె, నువ్వు టార్చి పట్టుకొని ఎటో చూస్తుంటివి గని. ఇత్తడి జెట్టు ఉంటది, నడిమిట్ల సన్నటి రంధ్రం. దాన్ని నోటితోని ఊదు. పిన్నీసు పెట్టి పొడవకు. పొడిస్తే రంధ్రం పెద్దగైతది, ఇంక అది జెట్టు కాదు.

సంతకం సంగతి. చేస్తా. దానికంటే ముందు నాకు ఒక్కదానికి జవాబు కావాలె. మార్చి 18 నాడు దవాఖానల బాపు పక్కన ఉన్నది నువ్వు. పొద్దున చేర్పించినవ్, నాకు చెప్పలే. రాత్రి ఎనిమిదింటికి మెసేజ్ పెట్టినవ్. ‘సాయంత్రం పరమపదించినారని తెలియజేయుటకు చింతించుచున్నాము’. చింతించే ‘మేము’ ఎవరో ఇంకా నాకు సమజ్ కాలే. అది అట్లుండనీ. నేను అడిగేది ఇదొక్కటే: ఆ రోజు బాపు నా గురించి ఏమన్నా అన్నడా? కోపంతోని అన్నా సరే. ఉన్నదున్నట్టు రాయి.

వదిన మోకాలికి ఆ తైలం రుద్దుడు బంద్ చెయ్యమను. వాసన తప్ప దాంట్ల ఏం లేదు.

అనుపమ


నేరేడ్‌మెట్,
30 అక్టోబరు 2024.

చిరంజీవి అనుపమకు ఆశీస్సులు.

విషయం: కార్బురేటరు గిన్నె శుభ్రపరచుట – చర్యా నివేదిక.
సూచిక: నీ లేఖ, తేదీ 22 అక్టోబరు.

సూచికలోని ఆదేశములను ఆదివారం ఉదయం అమలుపరచితిని. గిన్నెలో తేనె రంగు జిగురు కనుగొనబడినది. జెట్టును నోటితో ఊదితిని. మొదటి ఊదుటలో పెట్రోలు నా నోటిలోనికి వచ్చినది. రెండవ ఊదుటకు దిశ మార్చితిని.

ఇడ్లీ ప్లేటు విషయంలో అంతర్గత అభ్యంతరం వ్యక్తమైనది. మీ వదిన వాకిట్లోకి వచ్చి, “ఏందండీ గిది? పండుగ పూట ఇడ్లీ ప్లేటుల పెట్రోలా?” అని అడిగినది. సామాన్లు వరుస తప్పకుండుటకని వివరించితిని. “ముప్పయ్యేండ్లు ఆఫీసుల అందరికీ మెమోలు ఇస్తిరి గదా. గా బండికి సుత ఒకటి ఇయ్యరాదు? భయపడి నడుస్తది” అని లోపలికి వెళ్ళినది. ఆ రోజు ఉప్మా తింటిమి.

తిరిగి బిగించగా ఒక స్క్రూ మిగిలినది. మరల విప్పి బిగించగా మిగలలేదు. అది ఎక్కడికి పోయినదో చెప్పలేను గాని ఎక్కడో ఉన్నది. బండి స్టార్టైనది. నాలుగు నిమిషముల పది సెకండ్లు నడిచి ఆగినది. పది సెకండ్ల అభివృద్ధిని గమనించగలవు.

నీవు అడిగిన ప్రశ్న పరిశీలనలో ఉన్నది.

ఇట్లు,
మ. వేణుమాధవ్,
విశ్రాంత సూపరింటెండెంటు.


నేరేడ్‌మెట్,
4 నవంబరు 2024.

చిరంజీవి అనుపమకు ఆశీస్సులు.

విషయం: బయటి నిపుణుని సంప్రదించుట – గురించి.
సూచిక: నా లేఖ, తేదీ 30 అక్టోబరు. ప్రత్యుత్తరం ఇంకను అందలేదు.

గడువు సమీపించుచున్నందున బోయిగూడలోని మెకానిక్ జకర్యాను పిలిపించితిని. బాపు బతికి ఉండగా ఇతడు బండిని దూరం నుండి చూచుటకు మాత్రమే అనుమతింపబడెడివాడు. ఇప్పుడు దగ్గరికి రాగానే చెప్పులు విడిచెను. బండిని స్టార్టు చేసి, చెవి పెట్టి విని, “పరేషాన్ కాకుండ్రి సార్, పెట్రోలు తక్వ తాగుతున్నది, ఎక్వ తాగిపిద్దాం” అనెను. కార్బురేటరు పైమూత విప్పి, లోపల వ్రేలాడుచున్న పొడుగాటి సూదిని తీసి, దాని తలకు గల ఐదు గాళ్ళలో, అనగా సన్నని కోతలలో, మూడవ దానిలో ఉన్న క్లిప్పును నాలుగవ దానికి దించెను. దానివలన సూది పైకి లేచి పెట్రోలు అధికంగా పోవునట.

అయినను నాలుగు నిమిషములకే ఆగినది. “పెద్దసారు చేతి బండి సార్ ఇది, మా మాట ఇనది” అని జకర్యా అనెను. ఇనకుండుట బండికి మాత్రమే పరిమితం కాదని నేను అనలేదు.

ఇట్లు,
మ. వేణుమాధవ్,
విశ్రాంత సూపరింటెండెంటు.


ఏ.ఎస్. రావు నగర్,
5 నవంబరు.

అన్నా,

30వ తేదీ లేఖ ఇయ్యాల్నే అందింది. పది సెకండ్లను అభివృద్ధి అనరు.

గిన్నె సాఫ్ అయినంక కూడా ఆగుతున్నదంటే ఇంక సూది చూడాలె. పైమూత విప్పితే లోపల పొడుగు సూది ఉంటది, తలకు గాళ్ళు, గాటిల క్లిప్పు. ఇప్పుడున్న గాటి కంటే ఒక్క గాడి కిందికి దించు. ఒక్కటే. ఎక్కువ దించితే పొగ తప్ప ఏం రాదు.

పరిశీలనలో ఉన్నదంటే ఏంది? ఎవరు పరిశీలిస్తున్నరు? ఆ రోజు అక్కడ ఉన్నది నువ్వొక్కనివే. ఫైలు నీ దగ్గరనే ఉన్నది, ఆఫీసరువు నువ్వే, గుమాస్తవు నువ్వే. మల్ల అడుగుతున్న: బాపు నా మీద కోపంగ ఉన్నడా? నాకు నిద్ర మంచిగనే పడుతున్నది, తింటున్న, డ్యూటీకి పోతున్న. ఏడుపు కూడా వస్తలేదు. పోయిన నెల ఫ్యాక్టరీల ఎవరో రిటైరైతే అందరితోని కలిసి చప్పట్లు కొట్టిన, చేతులు నొప్పి పెట్టినయ్, అంతే. జవాబు లేని దానికే ఇట్లున్నదేమోనని అనుమానం. అందుకే అడుగుతున్న.

అనుపమ


నేరేడ్‌మెట్,
15 నవంబరు 2024.

చిరంజీవి అనుపమకు ఆశీస్సులు.

విషయం: పొగ – గురించి.
సూచిక: నీ లేఖ, తేదీ 5 నవంబరు. ఇది నా 4వ తేదీ లేఖను దారిలో దాటుకొని వచ్చినది.

నీ ఆదేశంలో ‘ఇప్పుడున్న గాటి కంటే ఒక్క గాడి కిందికి’ అని స్పష్టంగా ఉన్నది. ఇప్పుడున్న గాడి జకర్యా దించిన నాలుగవ గాడి. నీకు ఆ సంగతి తెలియదని నాకు తెలియును. అయినను వ్రాతపూర్వక ఆదేశం ఉండగా స్వంత నిర్ణయం తీసుకొనుట నా సర్వీసులో జరగలేదు. ఐదవ గాటికి దించితిని. దాని క్రింద గాళ్ళు లేవు.

బండి స్టార్టైన వెంటనే పొగ బయలుదేరి ప్రహరీ దాటి ప్రక్కింటికి పోయినది. ప్రక్కింటి హిమజ గారు దోమల మందు కొట్టువారు వచ్చిరనుకొని కిటికీలు మూసి, పిల్లలను లోపలికి పిలిచి, తర్వాత మా గేటు వద్దకు వచ్చి, “అంకుల్, మీకంటే మున్సిపాలిటీ వాళ్ళే నయం, చెప్పి కొడ్తరు” అనిరి. స్పార్కు ప్లగ్గు బొగ్గు వలె నల్లబడినది. అయినను నాలుగు నిమిషములకే ఆగినది.

నేను అశ్రద్ధ చేయుచున్నానని నీ లేఖలో ధ్వనించుచున్నది. అది వాస్తవం కాదు. బాపు పదమూడవ దినము సాయంత్రం, చుట్టములందరూ వెళ్ళిన తర్వాత, బండిని ఎవరూ ముట్టకుండుటకై పెట్రోలు ట్యాంకు మూతకు నేనే స్వయంగా లక్క కరిగించి ముద్ర వేసితిని. మూత నడుమ సూది మొనంత రంధ్రం ఒకటి కనబడినది. ముద్ర వేయుటకే దానిని అక్కడ విడిచి ఉందురని గ్రహించి సరిగా దాని మీదనే వేసితిని. ఈ రెండు మాసములలో పెట్రోలు పోసిన ప్రతిసారి ముద్ర పగులగొట్టి, పోసి, మరల క్రొత్త ముద్ర వేసి, తేదీ, సమయం రిజిస్టరులో వ్రాసి ఉన్నాను. ఇప్పటికి ఏడు ముద్రలు. బాపు వస్తువును ఇంతకంటె భద్రంగా ఎవరు ఉంచుదురు?

ఇక నీ ప్రశ్న. ఆ రోజు బాపు ఏమనెనో నాకంటె నీకే బాగుగా తెలియును. తెలిసి అడుగుట ఎందులకు?

ఇట్లు,
మ. వేణుమాధవ్,
విశ్రాంత సూపరింటెండెంటు.


ఏ.ఎస్. రావు నగర్,
20 నవంబరు.

అన్నా,

నాకే తెలుసునని రాసినవ్. అంటే తప్పు నాదని నువ్వు సుత అనుకుంటున్నవ్. సరే. అది నీ చేతిరాతల ఉన్నది, సూపరింటెండెంటు సంతకంతోని. దాచి పెట్టుకుంటా.

ఇంక బండి సంగతి. నీ లేఖల ముద్ర దగ్గరికి వచ్చేసరికి నేను లేచి నిలబడ్డ. కూసొని చదివే సంగతి కాదది.

ఆ రంధ్రం ముద్ర కోసం పెట్టింది కాదు. ట్యాంకులకు గాలి పోవుటానికి పెట్టింది. పెట్రోలు కిందికి దిగాలంటే, ఎంత దిగిందో అంత జాగలకు పైనుంచి గాలి రావాలె. గాలి రాకుంటే పెట్రోలు ట్యాంకులనే పట్టుకొని ఉంటది. గిన్నెల ఉన్నది నాలుగు నిమిషాలకు అయిపోతది, పైనుంచి దిగదు, ఇంజన్ దగ్గి ఆగుతది. అరగంటకు సందుల్లకెల్లి ఇంత గాలి దూరుతది, మల్ల నాలుగు నిమిషాలు. కార్బురేటరుల ఏ రోగం లేకుండె. గిన్నె విప్పిపిచ్చింది నేను, సూది దించింది జకర్యా, మల్ల దించింది నువ్వు. ముగ్గురం కలిసి మంచిగున్నదాన్ని చెడగొట్టినం. రోగం పైన, లక్క కింద. ఏడుసార్లు పగులగొట్టి, ఏడుసార్లు మల్ల మూసినవ్. రిజిస్టరు సుత పెట్టినవ్!

లక్క అంతా గీకు. రంధ్రంల సన్నటి సూది పెట్టి సాఫ్ చెయ్. ఇక్కడ పొడువొచ్చు, ఇది జెట్టు కాదు. కార్బురేటరు సూది క్లిప్పు మల్ల మూడో గాటికి తే. ప్లగ్గు రుద్దు. మల్ల ముద్ర వెయ్యకు. తాళం వేసుకుంటే వేసుకో, గేటుకు.

సంతకానికి ముందర జవాబు కావాలన్న. ఇప్పటికీ అదే మాట.

అనుపమ


నేరేడ్‌మెట్,
29 నవంబరు 2024.

చిరంజీవి అనుపమకు ఆశీస్సులు.

విషయం: 1) లక్క తొలగింపు. 2) మార్చి 18.
సూచిక: నీ లేఖ, తేదీ 20 నవంబరు.

మొదటి అంశం. లక్కను పూర్తిగా గీకి తొలగించితిని. రంధ్రం తెరువగానే ట్యాంకు లోనికి గాలి పీల్చుకొనిన శబ్దం వినబడినది. మీ వదిన కూడ విన్నది. కార్బురేటరు సూది క్లిప్పును మూడవ గాటికి చేర్చి స్టార్టు చేయగా బండి ఇరువది రెండు నిమిషములు నడిచినది. నేనే ఆపితిని. ఎంతసేపు నడుచునో అని చూచుటకు అంతకంటె ధైర్యం చాలలేదు. జకర్యాను పిలిచి, ముద్ర గురించి ముందే ఎందుకు చెప్పలేదని అడిగితిని. “లక్క ముద్ర సూసి కోర్టు కేసుల ఉన్నదేమో అనుకున్న సార్. కేసు బండి మూత మేమెందుకు ముడతం?” అనెను. అతని సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నది.

రెండవ అంశం. తప్పు నీదని నేను వ్రాయలేదు. నా వాక్యం ఆ అర్థం ఇచ్చినచో దానిని ఉపసంహరించుకొనుచున్నాను. జరిగినది జరిగినట్లు క్రింద వ్రాయుచున్నాను.

ఆ రోజు ఊపిరి సరిగా ఆడుటలేదని బాపును ఉదయం ఆసుపత్రిలో చేర్చితిని. మధ్యాహ్నమునకు కుదుటపడెను. జామపండు అడిగెను. రేపు ఇంటికి పంపెదమని డాక్టరు చెప్పెను. పూర్తి సమాచారం చేతికి రాకుండ తెలియజేయుట నాకు అలవాటు లేదు గనుక, ఇంటికి తెచ్చిన తర్వాత నీకు చెప్పవచ్చునని ఉంటిని. సాయంత్రం కాకముందే బీమా కాగితముల కొరకు క్రింది కౌంటరుకు పోతిని. ఫారమునకు గుర్తింపు కార్డు నకలు రెండు వైపులా కావలెననిరి. నా వద్ద ఒక వైపే ఉన్నది. రోడ్డు దాటి నకలు తీయించి, మరల వరుసలో నిలబడి, స్టాంపు వేయించుకొని పైకి వచ్చితిని. వచ్చుసరికి మంచం చుట్టూ తెర లాగి ఉన్నది. నా చేతిలో ఫారం ఉన్నది. అన్ని గళ్ళు నింపి ఉన్నవి.

కావున బాపు ప్రక్కన నేనున్నానని నీవు అనుకొనుట సరి కాదు. నేను లేను. నర్సు కూడ ప్రక్క వార్డులో ఉన్నది. ఎవరును లేరు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికిని, మీ వదినకు కూడ, తెలియజేయలేదు.

బాపు ఫోను దిండు క్రింద ఉన్నది. బటన్ల ఫోను. అందులో బాపు చేసిన చివరి కాల్ నీకు, 4.10కి. అది చూచినప్పటి నుండి చివరి మాటలు నీతోనే మాట్లాడెనని నాకు తెలియును. ఎనిమిది మాసములుగా ఆ మాటలు నీ వద్ద ఉంచుకొని, నా వద్ద లేవని నా చేతనే వ్రాయించుటకు మాటిమాటికి అడుగుచున్నావని అనుకొంటిని. ఇప్పుడు వ్రాసితిని. బాపు ఏమనెనో తెలుప ప్రార్థన.

రవాణా కార్యాలయంలో డిసెంబరు 20, శుక్రవారం, సమయం ఇచ్చిరి. ఇంకొక ఇబ్బంది కలదు. నాకు గేర్లు లేని స్కూటరుకు మాత్రమే లైసెన్సు కలదు.

ఇట్లు,
మ. వేణుమాధవ్.


ఏ.ఎస్. రావు నగర్,
6 డిసెంబరు.

అన్నా,

రెండుసార్లు చదివిన. నువ్వు అడిగినదానికి జవాబు: నేను మాట్లాడలే.

మా ఫ్యాక్టరీల లోపలికి ఫోను తీసుకపోనియ్యరు. గేటు దగ్గర అరల పెట్టి, బిళ్ళ తీసుకొని పోవాలె. ఇరవై ఎనిమిదేండ్ల నుంచి ఇదే రివాజు. బాపుకు తెలుసు. డ్యూటీ టైముల ఎన్నడూ చెయ్యకపోతుండె. ఆ రోజు నాలుగు పదికి చేసిండు. ఫోను అరల మోగింది. అక్కడున్న సెక్యూరిటీ జోయా తర్వాత చెప్పింది, “మేడమ్, మీది శానసేపు మోగింది” అని. షిఫ్టు దిగి, బిళ్ళ ఇచ్చి ఫోను తీసుకునేసరికి ఐదు నలభై. మిస్డ్ కాల్ చూసి గేటు దగ్గరనే నిలబడి తిరిగి చేసిన. రెండుసార్లు మోగింది. కట్ చేసిండు.

నువ్వు దవాఖానల చేర్చినట్టు నాకు తెల్వదు. ఇంట్లనే ఉన్నడనుకున్న. ముందటి ఆదివారం వస్తనని రాలే, అందుకే అలిగి కట్ చేసిండనుకున్న. జెర కోపం తగ్గినంక మాట్లాడుదామని కూరగాయలకు పోయిన. ఏ.ఎస్. రావు నగర్ మార్కెట్ల దొండకాయలు ఏరుతుంటే నీ మెసేజ్ వచ్చింది. సాయంత్రం అని రాసినవ్, టైము రాయలే. అప్పటి నుంచి ఇదే లెక్క కడుతున్న: ఐదు నలభైకి కట్ చేసిండు, తర్వాత పోయిండు. ఆఖరికి బిడ్డ ఫోను ఎత్తొద్దనుకొని పోయిండు. అందుకే నిన్ను అడిగిన. ఏమన్నా అన్నడా అని. తిట్టినా సరే అని.

నీ దగ్గర ఉన్నదనుకున్న. నా దగ్గర ఉన్నదని నువ్వు అనుకున్నవ్. ఎవ్వరి దగ్గరా లేదు. ఇంక అడగ.

20 నాడు లీవు పెట్టిన. పొద్దున తొమ్మిదింటికి వస్తా, బండి నేను నడుపుతా, సంతకం అక్కడనే చేస్తా. నేను రాకముందు స్టార్టు చెయ్యకు. ఇంజన్ చల్లగ ఉంటేనే బండి ఎట్లున్నదో తెలుస్తది. వదినకు చాయ్ గీయ్ పెట్టొద్దని చెప్పు.

అనుపమ


నేరేడ్‌మెట్,
22 డిసెంబరు 2024.

చిరంజీవి అనుపమకు ఆశీస్సులు.

విషయం: డిసెంబరు 20 నాటి సమావేశం – మినిట్సు.
సూచిక: నీ లేఖ, తేదీ 6 డిసెంబరు.

మొన్నటి దినం మనం ఉదయం 8.52 నుండి మధ్యాహ్నం 1.15 వరకు కలిసి ఉంటిమి. రికార్డు కొరకు విశేషములను నమోదు చేయుచున్నాను.

నీవు వచ్చి చెప్పులు విడువకుండ నేరుగా బండి వద్దకు పోతివి. మూత చూచితివి. గోటితో గీకి, మిగిలిన లక్క పెచ్చు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టితివి. రెండవ కిక్కుకు స్టార్టైనది. మీ వదిన, “చాయ్ పెట్టొద్దన్నవట, పోహా చేసిన” అన్నది. నీవు నిలబడి తింటివి. నన్ను వెనుక కూర్చుండమంటివి. ముప్పై ఏడేండ్ల తర్వాత ఆ సీటు మీద కూర్చుంటిని. “మోకాళ్ళు లోపలికి పెట్టు” అంటివి. పెట్టితిని. దారిలో ఎక్కడా బండి దగ్గలేదు.

రవాణా కార్యాలయంలో అధికారి బండి చుట్టూ తిరిగి, “ఎవరిదమ్మా బండి?” అని అడిగెను. “మా బాపుది” అంటివి. “ఓనరు రావాలె గదా?” అనెను. “రాడు” అంటివి. అధికారి కాగితము చూచి, పెన్ను మూత తీసెను. నిరభ్యంతర పత్రమును సీటు మీద పెట్టి సంతకం చేసితివి. పెన్సిలు గుర్తు ఉన్న చోట గాక దాని ప్రక్కన చేసితివి. అది చెల్లునని చెప్పిరి. బయట బండి వద్ద చాయ్ త్రాగితిమి. “చక్కెర?” అని నేను అడిగితిని. “వద్దు” అంటివి. తిరుగు ప్రయాణంలోను నీవే నడిపితివి. గేటు వద్ద హెల్మెటు తీసి నా చేతికిచ్చి, “ఆదివారం ఆదివారం స్టార్టు చెయ్, పది నిమిషాలు” అని ఆటో ఎక్కితివి. ఈ ఉదయం పది నిమిషములు స్టార్టు చేసితిని.

మినిట్సులో చేరని అంశం ఒకటి మిగిలినది. నీ 6వ తేదీ లేఖ చదివిన దినమే దానిని నీకు తెలియజేయవలసి ఉండెను. శుక్రవారం అందులకు మూడు అవకాశములు వచ్చినవి: వరుసలో ఒకసారి, చాయ్ వద్ద ఒకసారి, హెల్మెటు నా చేతికిచ్చినపుడు ఒకసారి. మూడింటిని వినియోగించుకొనలేదు. నోటితో చెప్పుటకు నేను పనికిరానని మీ వదిన మొదటి నుండి చెప్పుచున్నది.

ఆసుపత్రి వారు ఇచ్చిన పత్రం నకలు జతపరచితిని. రెండు వైపులా తీయించితిని. వెనుక వైపున, మూడవ వరుసలో, బాపు మరణించిన సమయం ఉన్నది. 4.35.

నీ కాల్ వచ్చినది 5.40కి. అప్పుడు బాపు ఫోను నా చొక్కా జేబులో ఉన్నది. నేను మరల అదే కౌంటరు వద్ద, వేరొక ఫారంలో, ‘మృతునితో సంబంధం’ అను గడి నింపుచుంటిని. ఫోను తీయగా నీ పేరు కనబడినది. నాలుగు పదికి బాపుతో మాట్లాడినదానవు, మరల మాట్లాడుటకు చేయుచున్నావని అనుకొంటిని. ఏమని చెప్పవలెనో వాక్యం కుదరలేదు. రెండుసార్లు మ్రోగనిచ్చి కట్ చేసితిని. వాక్యం కుదురుటకు ఆ తర్వాత రెండు గంటల ఇరువది నిమిషములు పట్టినది. మార్కెట్టులో నీవు చదివినది ఆ వాక్యమే.

బాపుకు ఆ రోజు నీ మీద కోపం ఉన్నదో లేదో తెలుపుటకు నా వద్ద ఆధారం లేదు. కాల్ కట్ చేసినది మాత్రం ఆయన కాదు. అప్పటికి ఆయన పోయి ఒక గంట ఐదు నిమిషములు. కట్ చేసిన వాని సంతకం క్రింద ఉన్నది.

వేణుమాధవ్